కీబోర్డు లేకుండా క్రిటా: పర్లాకిమిడి నుంచి మూడేళ్ల వాడకం తర్వాత

మా నాన్న నలభై ఏళ్లు బోర్డులు రాశారు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో బోర్డు రాయాలంటే మూడు లిపుల మీద చెయ్యి తిరగాలి: ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. ఆయన కుడిచేతిలో కుంచె ఉంటే ఎడంచేతిలో ఎప్పుడూ ఒక సన్నటి కర్ర ఉండేది. దాని కొసకు గుడ్డ ఉండలా చుట్టి, ఆ కొసను బోర్డుకు ఆనించి, కర్ర మీద కుడి మణికట్టు మోపి రాసేవారు. "ఎడంచెయ్యి ఖాళీగుంటే కుడిచేతికి వణుకొస్తాదిరా" అనేవారు. ట్యాబ్‌లో బొమ్మలేసే క్రిటా అనే యాప్ గురించి చెబుతూ ఈ కర్ర సంగతి ముందు ఎందుకంటే, కీబోర్డు లేకుండా క్రిటా వాడుతూ నేను పడ్డ తిప్పలన్నీ ఆ ఎడంచేతి దగ్గరే వచ్చాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా ఇంటి పెంకులు లేచిపోయి నాన్న నమూనా పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులే పోయిన తుపాను అది. పుస్తకాలు పోయాయని బయట చెప్పుకోవడానికి మాకు నోరు రాలేదు. కానీ ఆయన అక్షరాల తీరు నా కళ్లలో ఉంది. దాన్ని మళ్లీ గీసి దాచాలని 2022 మొదట్లో ట్యాబ్ కొన్నాను. 10 అంగుళాల తెర, 4 జీబీ ర్యామ్, పెన్ను దాంతోపాటే వచ్చింది. ఇంట్లో కంప్యూటర్ లేదు. విడిగా కీబోర్డు కొందామని కూడా అనుకోలేదు. అరుగు మీదో, పని జరిగే గోడ ముందో ఒళ్లో పెట్టుకుని గీసే దానికి కీబోర్డు ఎక్కడ ఆనిస్తాం?

క్రిటా ఉచితం. ప్రకటనలు లేవు, నెలనెలా కట్టేది లేదు, మన బొమ్మ మీద వాళ్ల ముద్ర పడదు. ఎవరైనా లోపలి కోడ్ చూసుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ల కోసం పుట్టింది, ఆండ్రాయిడ్‌కు 2020లో వచ్చింది. అదీ ట్యాబ్‌ల వంటి పెద్ద తెరలకే, ఫోన్‌కు కాదు. క్రిటా అంటే స్వీడిష్ భాషలో సుద్ద, క్రేయాన్ అని అర్థం. పేరు పెట్టిన వాళ్లు మహాభారతంలోని 'కృత' అన్న మాట కూడా మనసులో పెట్టుకున్నారట. నాన్నకి ఈ సంగతి చెబితే సుద్ద అన్న దగ్గరే ఆగిపోయారు. ఏ బోర్డైనా సుద్దముక్కతోనే మొదలవుతుంది కదా అన్నారు.

కంప్యూటర్ కోసం పుట్టిందని ఊరికే అనలేదు. నేర్చుకుందామని ఏ వీడియో తెరిచినా "ఈ అక్షరం నొక్కండి" అనే చెబుతారు. చెరపడానికి ఇ, కాన్వాస్‌ను అద్దంలోలా తిప్పి చూడటానికి ఎం, బొమ్మలోంచి రంగు ఎత్తుకోవడానికి కంట్రోల్, బ్రష్షు సైజు మార్చడానికి షిఫ్ట్ పట్టుకుని లాగడం. మామూలుగా కంప్యూటర్‌లో గీసేవాళ్ల ఎడంచెయ్యి కీబోర్డు మీద అలా పనిచేస్తూనే ఉంటుంది. నాకు ఆ చెయ్యి ట్యాబ్ పట్టుకోవడానికే సరిపోయేది. ప్రతి చిన్న పనికీ పెన్ను బొమ్మ మీంచి లేపి, తెర అంచుకు వెళ్లి, చిన్న గుర్తు వెతికి నొక్కి, మళ్లీ వెనక్కి రావడం. మొదటి రెండు నెలలు గీసిన దానికన్నా నొక్కిందే ఎక్కువ.

పని దారిలో పడింది మూడు మార్పులతో. మొదటిది చిన్నదే కానీ ప్రాణం పోసింది: వేలితో గీత పడకుండా ఆపేయడం. సెట్టింగుల్లో టచ్ పెయింటింగ్ అని ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేస్తే పెన్నుకి మాత్రమే గీత పడుతుంది. వేళ్లు కాన్వాస్‌ను జరపడానికి, తిప్పడానికి, దగ్గరకు లాక్కోవడానికి మిగులుతాయి. అరచెయ్యి తెర మీద ఆనించి ధైర్యంగా గీయొచ్చు. రెండోది, 2022 ఆగస్టులో క్రిటా 5.1 వెర్షన్ వచ్చాక రెండు వేళ్లతో తాకితే అన్‌డూ (గీసింది వెనక్కి పోతుంది), మూడు వేళ్లతో తాకితే రీడూ (పోయింది తిరిగొస్తుంది). ఎడంచేతికి చేతినిండా పని దొరికింది. గీత వంకర పోయిందా, ఎడంచేతి రెండు వేళ్లు టప్పుమని తాకుతాయి, కుడిచెయ్యి అక్కడే ఉంటుంది. ఇప్పుడు నాకు తెలియకుండానే జరిగిపోతుంది.

మూడోది పాప్-అప్ ప్యాలెట్. పెన్ను పక్కనున్న బటన్ నొక్కి తాకితే పెన్ను ఉన్న చోటే ఒక చక్రం విచ్చుకుంటుంది. మధ్యలో రంగులు, చుట్టూ మనం ఎంచుకున్న బ్రష్షులు, ఇటీవల వాడిన రంగులు, అద్దం బటన్, పక్క ప్యానెళ్లన్నీ మాయం చేసి బొమ్మనొక్కదాన్నే ఉంచే బటన్. నా ట్యాబ్‌లో పెన్ను బటన్‌కి తయారీదారు వేరే మెనూ పెట్టి ఉంచారు, ముందు అది ఆపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత నాకు రోజూ పనికొచ్చే బ్రష్షులకు ఒక ట్యాగ్ కట్టి చక్రంలో అవే కనపడేలా పెట్టుకున్నాను. పెన్నుకి బటన్ లేని ట్యాబ్ అయితే మాత్రం క్రిటా కోసం కొనవద్దని గట్టిగా చెబుతాను. సగం సుఖం ఆ బటన్‌లోనే ఉంది.

టూల్‌బార్‌ని కూడా మనకు కావలసినట్టు అమర్చుకోవచ్చు. సెలక్షన్ (బొమ్మలో ఎంచుకున్న భాగం) తీసేయడం, ఉన్నది చెరపడం, అద్దం, సాఫ్ట్ ప్రూఫింగ్ (దీని సంగతి కింద చెబుతాను) బటన్లు పైకి తెచ్చుకుని ఎప్పుడూ ముట్టనివి తీసేశాను. ఒక సాయంత్రం పని.

ఇక అక్షరాల సంగతి. నేను టైపు చేయను, గీస్తాను. నాన్న ఒడియా అక్షరం తల గీసే తీరు ఒకటుంది: ఎడమ కింద మొదలై, గొడుగులా పైకి లేచి, కుడివైపు దిగేటప్పుడు కుంచెను కొంచెం నొక్కుతారు, అక్కడ గీత లావెక్కుతుంది. తెలుగు తలకట్టులో అదే చెయ్యి ఉల్టా: చిన్నగా దిగి, చటుక్కున పైకి ఎగరేసి వదిలేస్తారు. పెన్ను ఒత్తిడిని బట్టి గీత లావు మారుతుంది కాబట్టి తలకట్టు మొదటి వారంలోనే వచ్చింది. ఒడియా గొడుగు మాత్రం నెలలు పట్టింది. గాజు మీద పెన్ను జారుతుంది, పెద్ద వంపు తిరిగేటప్పుడు సన్నగా వణుకు కనపడుతుంది. బ్రష్షు టూల్ ఆప్షన్లలో గీతను నున్నగా చేసే స్మూతింగ్ అని ఉంది. అందులో వెయిటెడ్ అన్న రకం పెడితే వణుకు కొంత తగ్గింది. స్టెబిలైజర్ పెట్టినప్పుడు గీత పెన్ను వెనకాల కాస్త ఆలస్యంగా, తాడు కట్టి లాగినట్టు వస్తుంది. మొదట చిరాకేసింది. వారం తర్వాత అర్థమైంది, నాన్న ఎనామిల్ రంగు కూడా ఇంతే, కుంచెను తొందరపెడితే ఒప్పుకునేది కాదు. ఇప్పుడు పెద్ద వంపులకు స్టెబిలైజర్, చిన్న అక్షరాలకు వెయిటెడ్. ఆ కర్ర చేసే పని నాకు ఇదే చేస్తోంది.

అక్షరాలు వరస తప్పకుండా నాన్న దారానికి సుద్ద రాసి, రెండు కొసలా బిగించి, మధ్యలో లాగి వదిలేవారు. గోడ మీద తెల్లటి గీత పడేది. క్రిటాలో దానికి అసిస్టెంట్లు ఉన్నాయి. రూలర్ పెట్టి, బ్రష్షుని దానికి అంటుకునేలా టిక్ చేస్తే గీత దాని వెంటే నడుస్తుంది. ఎలిప్స్ (కోడిగుడ్డు ఆకారం), పర్‌స్పెక్టివ్ (దూరం వెళ్లేకొద్దీ దగ్గరయ్యే గీతలు) వాటికీ ఉన్నాయి. సరైన గుండ్రం గీయాలంటే అందరూ షిఫ్ట్ పట్టుకోమంటారు. షిఫ్ట్ లేనివాళ్లకు దారి ఇది: ఎలిప్స్ టూల్ ఆప్షన్లలో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1 పెట్టి తాళం వేయండి, ఆపైన ఎలా లాగినా గుండ్రమే వస్తుంది. దీన్ని కనుక్కోవడానికి నాకు ఏడాది పట్టింది.

మెమరీ లెక్క తెలుసుకోకుండా పెద్ద పని ఒప్పుకోకండి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి ఏ3 పోస్టర్ వేయమని ఒక మాస్టారు అడిగారు. గిడుగు వారు మా ఊరి బడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన మనిషి. ఆ పోస్టరు అంటే నాకు ఒళ్లు పులకరించింది. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, ఏ3 అంటే 3508 పిక్సెళ్లు అడ్డం, 4961 నిలువు. లేయరు అంటే బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొర. దాని నిండా రంగు వేస్తే ఆ ఒక్క లేయరుకే దాదాపు 70 ఎంబీ. ఉత్సాహంగా పాతిక లేయర్లు పెట్టేశాను. మధ్యలో అక్క వీడియో కాల్ చేసింది, మాట్లాడి వచ్చేసరికి ట్యాబ్ వెనకాల యాప్‌ని మూసేసింది. గుండె ఆగినంత పనైంది. మళ్లీ తెరవగానే ఆటోసేవ్ ఫైలు తెరవమంటారా అని అడిగింది కాబట్టి బతికాను, చివర్లో వేసిన అక్షరాలు మాత్రం పోయాయి. అప్పటినుంచి ఏ ఫోను వచ్చినా ముందు సేవ్ నొక్కి తర్వాతే ఎత్తుతాను. ఇంట్లోవాళ్లకి అలవాటైపోయింది. లేయర్లు పదికి మించనివ్వను, ఖాయమైన వాటిని ఎప్పటికప్పుడు కలిపేస్తాను. ఖాళీగా వదిలిన చోటు పెద్దగా మెమరీ తినదు కాబట్టి అక్షరాల లేయర్లతో ఇబ్బంది లేదు, బరువంతా నిండా పూసిన నేపథ్యాలదే.

ఫ్లెక్సులకైతే ఇంత పెద్దది అక్కర్లేదు. 10 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు బోర్డుని 36 డీపీఐలో గీస్తే 4320 బై 1728 పిక్సెళ్లే, లేయరు 30 ఎంబీ. దూరం నుంచి చూసే బోర్డుకి నాకు అది సరిపోతోంది.

రంగుల విషయంలో ఒక దెబ్బ తిన్నాను. పెళ్లి బోర్డుకి చిలకపచ్చ నేపథ్యం వేశాను, తెర మీద మెరిసిపోయింది. అచ్చయి వచ్చాక ఎండిన ఆకులా ఉంది. అచ్చు వేసినవాళ్ల తప్పు కాదు. తెర వెలుతురుతో చూపించే పచ్చ కొన్నిసార్లు సిరాకి అందదు. క్రిటాలో వ్యూ మెనూలో సాఫ్ట్ ప్రూఫింగ్ ఉంది, సిరాలో రంగు సుమారు ఎలా ఉంటుందో తెర మీదే చూపిస్తుంది. ఇప్పుడు రంగు ఖాయం చేసే ముందు దాన్నే నొక్కి చూస్తున్నాను. ఉచిత యాప్‌లో ఇది ఉండటం నా వంటివాడికి చాలా పెద్ద మాట.

రాప్ అరౌండ్ మోడ్ గురించి ఒక మాట. కాన్వాస్ అంచు దాటిన గీత అవతలి అంచు నుంచి మళ్లీ వస్తుంది, చీర అంచుల వంటి అతుకు తెలియని డిజైన్లకు హాయిగా ఉంటుంది. దీంతోనే ఒకసారి సవర బొమ్మల వరస వేశాను. మా చుట్టుపక్కల కొండల మీద సవరల ఇళ్లలో ఎర్రమట్టి గోడకి బియ్యపు పిండితో వేసే బొమ్మలున్నాయే, వాటి తీరులో. ఒక మనిషిని గీసి వరసంతా నింపేశాను. చూస్తే ప్రాణం లేదు. అసలు గోడ మీద పక్కపక్కనున్న ఇద్దరు మనుషులు ఒక్కలా ఉండరు, ఒకరి చెయ్యి కొంచెం పొడుగు, ఒకరి కాలు కొంచెం వంకర. అది చెరిపేసి ముప్పైమందినీ విడివిడిగా గీశాను. అలాంటి బొమ్మలకు ఆ మోడ్ ఇంకెప్పుడూ వాడలేదు.

ఇప్పటికీ తీరని ఇబ్బందులు రెండు. రంగు ఎత్తుకోవడం: టూల్ మార్చి, తాకి, మళ్లీ బ్రష్షుకి రావాలి. చక్రంలో ఇటీవలి రంగులు ఉంటాయి కాబట్టి కొంత నెట్టుకొస్తున్నాను, చర్మం రంగులు కలిపేటప్పుడు మాత్రం చెయ్యి ఆగి ఆగి నడుస్తుంది. రెండోది, అంకె టైపు చేయాల్సి వస్తే తెర మీద లేచే కీబోర్డు సగం బొమ్మని కప్పేస్తుంది. గుర్తులు కూడా చిన్నవే, కళ్లజోడు పెట్టుకునేవాళ్లు 10 అంగుళాలకు తక్కువ తెరలో దీన్ని తెరవకపోవడం మంచిది.

తెర మీద గరుకు గార్డు అతికిస్తే పెన్ను కాగితం మీద నడిచినట్టుంటుంది, ఒడియా గొడుగు సగం దానివల్లే కుదిరింది. కాకపోతే పెన్ను ముల్లు తొందరగా అరుగుతుంది. అరిగిన ముల్లుతో గీస్తే గార్డు మీద గీతలు పడతాయి, వేలితో తడిమి ఒక పక్క పలకగా తగిలితే మార్చేయండి. నేను రెండు ముళ్లు ఎప్పుడూ అగ్గిపెట్టెలో వేసి సంచిలో ఉంచుకుంటాను, మా ఊళ్లో దొరకవు.