ఇంపీరియల్ వార్ మ్యూజియం సైట్‌లో మన సిపాయిల ఫోటోలు, నా రివ్యూ

లండన్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియం ఉంది కదా, మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే 1917లో పెట్టారు, వాళ్ళ ఫోటోల సైట్ రెండు నెలలుగా రోజూ రాత్రి అన్నం తిన్నాక ఓపెన్ చేసి కూర్చుంటున్నా. చూడ్డానికి పైసా కట్టక్కర్లేదు.

ఉత్త ఇండియన్ ఆర్మీ అని కొడితే ఎక్కువ ఆఫీసర్లు, పరేడ్లే వస్తాయి. దాని పక్కనే కుకింగ్, వాషింగ్, చపాతీ అని కలిపి వెతకండి, చపాతీకి పాతకాలం ఇంగ్లీష్ స్పెల్లింగులు చాలా ఉన్నాయి, మార్చి మార్చి కొట్టాలి. రెండో యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారి, చుట్టూ ఇసకే, అందులో పొయ్యి పెట్టుకుని మనవాళ్ళు చపాతీలు చేసుకుంటున్నారు. ఆ యుద్ధంలో ఇండియన్ ఆర్మీ దాదాపు 25 లక్షల మంది, అంతమందికీ రోజూ ఎవరో ఒకరు పిండి కలిపే ఉంటారు కదా, నేనెప్పుడూ ఆలోచించలేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం క్యూ 3983 నంబరు ఫోటో. 1916 జూలై, ఫ్రాన్స్‌లో సోమ్ దగ్గర జాన్ వార్విక్ బ్రూక్ తీసింది, తలపాగాలు కట్టుకున్న సిపాయిలు సైకిళ్ళతో రోడ్ల కూడలిలో ఆగి ఉన్నారు, అంతే. అదే నెల ఒకటో తారీఖున ఒక్క రోజులో 19 వేలమందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయిన చోటది.

బాధ ఏంటంటే చాలా ఫోటోల కింద ఇండియన్ సోల్జర్ అనే ఉంటుంది, పేరుండదు, ఊరుండదు. ఆరోజు తీసినవాళ్ళు అడిగి రాసుకోలేదు. సైన్యంలోకి ఎక్కువమంది వెళ్ళిన మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళవాళ్ళు, ఇంట్లో ఎవరైనా ఆర్మీ ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేసినవాళ్ళు ఓపికగా చూడండి, మొహం గుర్తుపట్టేవాళ్ళు ఉంటే మన ఇళ్ళలోనే ఉండాలి.

చాలా ఫోటోలు అమ్ముకోకుండా సొంతానికి వాడుకోవచ్చు, మ్యూజియం పేరు, నంబరు వెయ్యాలి. నేనొక చపాతీల ఫోటో ప్రింట్‌కిస్తే స్టూడియో అతను తెల్లగా చేసేసి, ఫ్రేముకి సరిపోలేదని అంచు కోసేశాడు, పిండి కలిపే మనిషి సగం పోయాడు. మళ్ళీ వెళ్ళి ఏమీ ముట్టుకోకుండా తియ్యమని దగ్గరుండి తీయించా, మీరూ ముందే చెప్పండి. వంటగదిలో పెడితే అమ్మ చాలాసేపు చూసి, ఆ పొగ చూడరా, కట్టెలు పచ్చివి, పాపం కళ్ళు ఎంత మండుంటాయో అంది.