పాత సామాన్ల వరుసలో ఒక పూట: పాలమూరు వారపు అంగడి మీద సమీక్ష

మహబూబ్‌నగర్ చుట్టుపక్కల వారపు అంగళ్లకు పోయేవారిలో చాలామంది కూరగాయలు, ఎండుమిర్చి, మేకలు చూసుకుని తిరుగుముఖం పడతారు. అంగడి చివర చెట్ల నీడన గోనెపట్టాలు పరుచుకుని కూర్చునే పాత సామాన్ల వ్యాపారుల దగ్గర ఆగేవారు తక్కువ. కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు హైదరాబాదు షోరూముల్లో 'యాంటిక్' పేరిట అమ్మే అలంకరణ వస్తువుల మీద వేలకు వేలు పోయడానికి ముందు ఈ వరుసను ఒక్కసారి చూసి రావాలన్నది నా గట్టి అభిప్రాయం. మన తాతల ఇళ్లలో వాడిన వస్తువులే అక్కడ దొరుకుతాయి. ఏది ఏ పనికి వాడేవారో చెప్పగలిగిన మనుషులే వాటిని అమ్ముతారు. ఈ వ్యాపారులు ఒక్క ఊరికి కట్టుబడి ఉండరు. వారంలో ఒక్కో రోజు ఒక్కో మండల కేంద్రానికి ఆటో ట్రాలీలో సరుకు వేసుకుని తిరుగుతారు కాబట్టి, ఏ ఒక్క ఊరి అంగడినో కాక ఆ వరుసనే ఇక్కడ సమీక్షిస్తున్నాను.

మేం వెళ్లింది నలుగురం: నేను, మా వారు, మా అత్తమ్మ, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. కొత్త ఇంట్లో పూజగదికి తలుపు లేదు, హాలులో ఒక గోడ బోసిగా ఉంది, వరండాలో నీళ్లు పోసి పూలు వేయడానికి వెడల్పాటి పాత్ర కావాలి. ఇంతకు మించి ఏమీ కొనకూడదని బయలుదేరే ముందే అనుకున్నాం. ఇలాంటి చోట ఆ నిర్ణయం చాలా అవసరం, ఎందుకంటే ప్రతి పట్టా మీదా మనసు లాగే వస్తువు ఒకటైనా ఉంటుంది.

ఈ వరుసకు ప్రాణం ఇత్తడి, కంచు, రాగి సామాన్లే. గుండిగలు, గంగాళాలు, బిందెలు, చెంబులు, నీళ్లు కాచే రాగి బాయిలర్లు గుట్టలుగా పోసి ఉంటాయి. నల్గొండ జిల్లా చండూరు ఒకప్పుడు ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ ఊరు, జనగామ దగ్గరి పెంబర్తి రేకుపని నేటికీ ప్రసిద్ధమే. అందువల్ల పాత ఇత్తడికి ఈ ప్రాంతంలో ఎన్నడూ కరువు లేదు. స్టీలు వచ్చాక ఇళ్లలో అటకలెక్కిన ఈ పాత్రలు, ఆస్తి పంపకాల సమయంలోనో పాత ఇల్లు కూల్చేటప్పుడో తూకానికి అమ్ముడై ఇక్కడికి చేరుతున్నాయి. మేం వెళ్లిన నాడు ఇత్తడి కిలో 650 రూపాయలు చెప్పారు. కంచుకు దాదాపు దానికి రెట్టింపు అడిగారు. ఆ తేడా న్యాయమైనదే. ఇత్తడిలో రాగికి జింకు కలుస్తుంది, కంచులో రాగికి తగరం కలుస్తుంది, తగరం ఎప్పుడూ ఖరీదైన లోహమే. రెండింటినీ గుర్తుపట్టడానికి మా అత్తమ్మకు ఏ సాధనమూ అక్కరలేకపోయింది. గిన్నెను మూడు వేళ్ల మీద నిలబెట్టి అంచు మీద గోటితో కొట్టేది. కంచు అయితే గుడిగంట మోగినట్లు ఆ నాదం చాలాసేపు నిలిచేది, ఇత్తడి అయితే త్వరగా అణిగిపోయేది. కంచే అయినా నాదం బొంగురుగా వస్తే ఎక్కడో పగులు ఉన్నట్లు లెక్క అని మా అమ్మాయికి చెప్పింది.

ఆమె ఒక గుండిగను ఎత్తి, మూతి లోపలి నుంచి ఎండ వైపు చూసి, అడుగున సన్నని వెలుగు చుక్క కనబడగానే దింపేసింది. ఇంకొకదాని పక్కన చిల్లికి అతుకు వేసిన మాటును తడిమి, వ్యాపారితో, "ఏం నాయినా, దీనికి మాటు పడ్డది గద, మంచిదాని ధరే చెప్తున్నవేంది?" అని అడిగింది. "పడ్డది నిజమే అవ్వా, అబద్ధమెందుకు చెప్తా? కిలోకు వంద తగ్గించియ్యి" అని అతడు వెంటనే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది. చివరికి వరండా కోసం సొట్టల్లేని ఒక వెడల్పాటి గంగాళాన్ని తీసుకున్నాం. నాలుగున్నర కిలోలు తూగింది. ఇరువైపులా ఉన్న కడియాలకు పాతకాలపు దిమ్మె రివెట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అడుగున ఎవరి ఇంటిపేరో చుక్కల అక్షరాలతో కొట్టి ఉంది, దాన్ని తోమి చెరిపించవద్దని మా వారు పట్టుబట్టారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నీళ్లు పోసి పూలు వేయడానికో, మొక్క పెట్టడానికో అయితే పాత ఇత్తడిని ఉన్నదున్నట్లు వాడుకోవచ్చు. వంటకు వాడదలిస్తే మాత్రం లోపల కళాయి వేయించి తీరాలి. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసో పెరుగో ఉంచితే లోహం ఆహారంలోకి దిగి చిలుమెక్కుతుంది. మాట్లు వేసిన పాత్రల్లో సీసం కలిసి ఉండే అవకాశం కూడా ఉంది కాబట్టి, వాటిని అలంకరణకే పరిమితం చేయడం క్షేమం. నవసాగరం చల్లి, తగరం కరిగించి, గుడ్డతో లోపలంతా పూసే కళాయి పనివారు అంగడిలోనే ఒకరు కూర్చుంటారు. పాత్రను కొన్న చోటే కళాయి వేయించుకునే వీలు ఏ షోరూములోనూ ఉండదు.

మా అమ్మాయి దృష్టి కొలపాత్రల మీద నిలిచింది. సోల, తవ్వ, మానిక ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా ఉన్న ఇనుప జతను చేతిలోకి తీసుకుని, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని అత్తమ్మ చెబుతుంటే ఎదుటి పట్టా మీది జొన్నలు అడిగి మరీ కొలిచి చూసింది. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి కిలోలు, లీటర్లు అమల్లోకి వచ్చాక ఈ కొలతలకు లెక్కలో చోటు పోయినా, మా పల్లెల్లో వడ్లూ జొన్నలూ మానికలతో కొలవడం చాలాకాలం సాగింది. పక్కనే సేరు తూకపు గుండ్లు, అడుగున సీసం పోసి తనిఖీ ముద్ర కొట్టిన ఇనుప కిలో రాళ్లు కూడా ఉన్నాయి. కొలపాత్రల జతకు 800 చెప్పి 550కి ఇచ్చారు. హాలులోని అల్మారాలో పెట్టడానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదని నేననుకుంటున్నాను. అనుకున్న జాబితాలో లేని వస్తువు మేం కొన్నది ఇదొక్కటే.

తలుపుల కోసం వరుస దాటి, రోడ్డు పక్కనున్న పాత కలప అడితికి వెళ్లాలి. పాత భవంతి ఇళ్ల దర్వాజలు (ద్వారబంధాలు), దూలాలు, మొగురాలు, ఇత్తడి గుబ్బల తలుపు రెక్కలు అక్కడ గోడకు ఆనించి ఉంటాయి. కొన్ని కొల్లాపూర్ వైపు నుంచి వచ్చాయని అడితి పెద్దాయన చెప్పాడు. ఎనభైల ఆరంభంలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఆ వైపునా అలంపూర్ వైపునా అనేక ఊళ్లు మునిగిపోయాయి. ఇళ్లు వదిలిన జనం దర్వాజలూ దూలాలూ ఊడదీసి బండ్ల మీద వెంట తెచ్చుకున్నారని, రెండో తరం కొత్త స్లాబు ఇళ్లు కట్టుకున్నాక అవే ఇప్పుడు అమ్మకానికి వస్తున్నాయని ఆయన వివరించాడు. ఆ మాటకు కాగితం సాక్ష్యం ఉండదు. అయినా ఆ రెక్కల మీది గొళ్లెం రాపిడి గుర్తులు, కింది అంచున వాన తడికి నల్లబడ్డ చారలు చూస్తే అవి ఏళ్ల తరబడి వాకిట్లో నిలిచిన తలుపులేనని తెలిసిపోతుంది.

కలప ఎంచుకునేటప్పుడు అడితివారు చెప్పే పేరును నమ్మి ఊరుకోకూడదు. టేకు, నల్లమద్ది, జిట్రేగి, వేప అన్నీ పాత రంగు పూతల కింద ఒకేలా కనబడతాయి. వెనుక వైపు ఒక మూల గరుకు కాగితంతో రుద్దితే టేకుకు నూనె వాసన వస్తుంది, పొడి చేతికి జిడ్డుగా తగులుతుంది. సన్నని మేకుతో కింది అంచునూ కీళ్లనూ పొడిచి చూడాలి, చెదలు తిన్నదైతే మేకు మెత్తగా దిగిపోతుంది. పిండిలాంటి పొడి తాజాగా రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉందని అర్థం. మేం చూసిన వాటిలో పద్మాలు చెక్కిన ఒక దర్వాజ అపురూపంగా ఉంది. పైపట్టీ మీద గజలక్ష్మి, ఇరువైపులా చిలుకలు, ఆ చిలుకల ముక్కులు కూడా అరగలేదు. ధర 38,000. పాతకాలపు దర్వాజలు ఎత్తు తక్కువ, మా పూజగది గోడలో అది ఇమడదు. గోడను దర్వాజకు తగ్గట్టు కోయించడం నాకు సమ్మతం కాలేదు. దానికి బదులు ఇత్తడి గుబ్బలున్న టేకు రెక్కల జతను 14,000కు తీసుకున్నాం. కొత్త టేకుతో చేయించినా కూలితో కలిపి అంతకు తగ్గదని మా వడ్రంగి చూసి చెప్పాడు.

హాలు గోడకు దొరికింది పాత గొంగడి. దక్కని గొర్రె నల్లబొచ్చు సహజంగానే ఆ రంగులో ఉంటుంది, అద్దకం అక్కరలేదు. ఆ బొచ్చు దారానికి చింతగింజల గంజి పట్టించి నేసినందువల్ల బిగువుగా నిలుస్తుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పోగుల మధ్య ఖాళీ లేదు, అంచున ఎర్రదారపు కుట్టు మాత్రం రెండు చోట్ల విడిపోయింది. 900 ఇచ్చాం. గోడకు వేలాడదీయడం అత్తమ్మకు మొదట నచ్చలేదు. గొర్రెల కాపరుల దేవుడు బీరప్ప కొలుపుల్లో పరిచే వస్తువును బొమ్మలాగా గోడకు కొట్టవద్దని ఆమె మాట. అందుకే మేకులు కొట్టకుండా, వెదురు కర్ర మీద మడిచి వేశాం. నెలకొకసారి దింపి ఎండలో వేస్తే పురుగు పట్టదు. ఈ జిల్లా ఇంటి గోడకు ఇంత సహజంగా అమరే అలంకరణ ఇంకొకటి నాకు కనబడలేదు.

ఇక ఈ వరుసలో నేను ఒప్పుకోలేనిది ఒకటుంది. కొందరు కొత్తగా తయారైన గ్రామఫోన్లు, ఓడ దిక్సూచులు, కందీళ్లు తెచ్చి, ఆమ్లంతో నల్లబరచి, పాతవంటూ పాత సామాన్ల మధ్య కలిపి పెడుతున్నారు. నిజాం కాలం నాటిదని ఒక వ్యాపారి చూపించిన ఇత్తడి కందిలికి మా వారు జేబులోని అయస్కాంతం తగిలించగానే అది టక్కున అంటుకుంది. అది ఇత్తడి పూత పూసిన ఇనుము. ఇంకొక పట్టా మీద వందేళ్ల నాటిదన్న గ్రామఫోనుకు కూడిక గుర్తులాంటి గాటు ఉన్న స్క్రూలు ఉన్నాయి. అలాంటి స్క్రూలు 1930ల మధ్యలో గానీ వాడుకలోకి రాలేదు. బిద్రీ పేరిట అమ్మే నల్లని కూజాలలోనూ ఇదే తంతు. అసలు బిద్రీలో జింకు మిశ్రమలోహం మీద గాట్లు చెక్కి వెండిని పొదుగుతారు, నకిలీవాటి మీద వెండిరంగు పూస్తారు, గోటితో గీస్తే అది లేచి వస్తుంది. కొత్త వస్తువును కొత్తదిగా అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పాతదని చెప్పి మూడింతలు గుంజడం, పక్క పట్టా మీద మాటు పడ్డదని ఒప్పుకుని ధర తగ్గించిన మనిషికి కూడా చెడ్డపేరు తెస్తుంది.

ఒక మూల చేయెత్తు రాతి శిల్పపు ముక్క కూడా కనబడింది. అలాంటివి తోటలో పెట్టుకుంటే అందంగా ఉంటాయని కొనేవారు ఉన్నారు, కానీ కొనకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, కళాకృతులు, డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటి వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. అన్నిటికన్నా ముందు, అది ఏదో ఒక ఊరి గుడిలోనో చెరువుగట్టు మీదో ఉండవలసిన వస్తువు. శిల్పాలు చూడాలన్న ఆసక్తి ఉన్నవారికి మహబూబ్‌నగర్ పక్కనే పిల్లలమర్రి వద్ద పురావస్తు ప్రదర్శనశాల ఉంది.

రేడియోలు, గోడ గడియారాలు, టైపు మిషన్లు కూడా ఉన్నాయి గానీ నేను వాటి జోలికి పోలేదు. పనిచేసేవి అరుదు, బాగుచేసేవారు అంతకన్నా అరుదు.

సౌకర్యాల విషయంలో ఎక్కువ ఆశించవద్దు. మరుగుదొడ్డి లేదు, పెద్దవాళ్లు కూర్చోవడానికి చోటు లేదు. మేం అత్తమ్మ కోసం మడత కుర్చీ వెంట తీసుకెళ్లడం మంచిదైంది. రసీదు ఎవరూ ఇవ్వరు. ఎక్కువమంది ఫోన్‌లో డబ్బు తీసుకుంటారు, అయినా సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి నోట్లు దగ్గర ఉండాలి. కొలత టేపు, అయస్కాంతం, టార్చి, పాత దుప్పటి ఉంటే పని సులువవుతుంది. ఉదయం ఎనిమిదింటికల్లా చేరితే మంచి ఇత్తడి కనబడుతుంది, పదకొండు దాటితే హైదరాబాదు నుంచి వచ్చే టోకు కొనుగోలుదారులు ఏరుకుని పోయిన మిగులే ఉంటుంది. తలుపు రెక్కలను ఇల్లు చేర్చడానికి ఆటో ట్రాలీకి 600 అయింది, ఆ బేరం సరుకు ఎక్కించక ముందే తెంచుకోవాలి. ఇత్తడికి, కలపకు, గొంగడికి నేను అయిదుకు నాలుగున్నర మార్కులు వేస్తాను, దీపాలకూ గ్రామఫోన్లకూ ఒక్కటి కూడా వేయను. వానాకాలంలో సగం మంది వ్యాపారులు రారు. దసరా దాటాక, శివరాత్రి లోపల వెళ్తే ఎండ బాధ లేకుండా అన్ని పట్టాలూ తీరిగ్గా చూడవచ్చు.