లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఫోటోక్రోమ్‌లు: చూడ్డానికీ, ప్రింట్ వేయించుకోడానికీ

వెనిస్ కాలువలు, బవేరియా కోటలు 1890ల నాటి రంగుల్లో చూడాలంటే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌కి వెళ్లండి. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు.

ఫోటోక్రోమ్‌లనే ఈ బొమ్మలు కలర్ ఫోటోలు కావు, నలుపు తెలుపు ఫోటో నుంచి తీసిన రంగు అచ్చులు. వెలుగు తగిలితే గట్టిపడే తారును లితో రాళ్లకు (అచ్చుకు వాడే సున్నపురాయి పలకలకు) పూసి, నలుపు తెలుపు నెగెటివ్‌ను వాటిమీదికి ఎక్కించి, రంగుకో రాయి చొప్పున అచ్చువేసేవారు. కనీసం 6 రాళ్లు, చాలాసార్లు పదికి పైనే. స్కాన్‌ని బాగా పెద్దది చేసి ఆకాశం చూడండి: మామూలు అచ్చులో ఉండే వరుస చుక్కలు లేవు, ఇసుక చల్లినట్టు సన్నటి రేణువులున్నాయి. ఆ నునుపు ఎంత చూసినా తనివి తీరదు! రంగులు మాత్రం అచ్చువేసినవాళ్లు ఎంచుకున్నవే. ఏ భవనానికి అప్పట్లో ఏ రంగు ఉండేదో తేల్చడానికి పనికిరావు.

ప్రింట్‌కి జేపెగ్ (నాణ్యత కొంత తగ్గించి కుదించిన ఫైలు) వద్దు, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలు దించుకోండి. ఒక పక్కనున్న పిక్సెళ్లను 300తో భాగిస్తే ప్రింట్ ఆ పక్క ఎన్ని అంగుళాలు రావచ్చో తెలుస్తుంది. 3,600 ఉంటే 12. ప్రింట్ వేసే ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ (రంగుల్ని దానంతటదే సరిచేసే సదుపాయం) ఆపేయమని ముందే చెప్పాలి. లేకపోతే పాత కాగితపు పసుపును లోపమనుకుని సాఫ్ట్‌వేర్ నీలం కలిపేస్తుంది. కాగితం మ్యాట్‌దే (మెరుపు లేనిదే) తీసుకోండి.

విసుగల్లా వెతుకులాటే. ఊళ్లకు నాటి పేర్లుంటాయి. ఓస్లో కావాలంటే క్రిస్టియానియా అని కూడా కొట్టి చూడాలి.