గుండె దడకు ఏ మానిటర్ మేలు: హోల్టరా, ప్యాచా, చేతి వాచీయా?

నెల్లూరు పొగతోటలోని ఒక ఆసుపత్రిలో రోగులకు హోల్టర్ (ఒకటి రెండు రోజులు ఒంటి మీదే ఉండి గుండె లయను ఆగకుండా నమోదు చేసే చిన్న పెట్టె) అమర్చి, మరునాడు అందులోని రికార్డింగును కంప్యూటరులోకి దించే పని నాది. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) రెండూ బాగున్నాయని డాక్టరుగారు చెప్పినా దడ మాత్రం తగ్గనివారు, కావలి నుంచి వచ్చినా కందుకూరు నుంచి వచ్చినా, నన్ను అడిగేది ఒకటే. 24 గంటల హోల్టర్ సరిపోతుందా, వారం పది రోజులు ఉంచుకునే ప్యాచ్ పెట్టించుకోవాలా, లేక పిల్లలు కొనిచ్చిన స్మార్ట్ వాచీతో గడిచిపోతుందా? అయితే దడతో పాటు స్పృహ తప్పినవారు, ఛాతీ నొప్పి లేదా ఆయాసం ఉన్నవారు, శ్రమ చేస్తుండగా దడ వచ్చేవారు, కుటుంబంలో చిన్న వయసు హఠాన్మరణాలు ఉన్నవారు ఈ ఎంపికల గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరును కలవాలి. మిగిలినవారి కోసమే ఈ పోలిక.

అందరూ మొదట ధర అడుగుతారు, తరువాత ఎన్ని రోజులని అడుగుతారు. నా దృష్టిలో వీటి కంటే ముందు తేల్చుకోవలసింది దడ ఎంత తరచుగా వస్తుందన్నది. మామూలు ఈసీజీ 10 సెకన్ల లయను మాత్రమే నమోదు చేస్తుంది కనుక, ఆ సమయంలో దడ లేకపోతే అది బాగుండటంలో ఆశ్చర్యం లేదు. హోల్టరుకూ ఇదే వర్తిస్తుంది. రోజూ దడ వచ్చేవారికి 24 గంటలు చాలు. పది రోజులకోసారి వచ్చేవారికి అదే పెడితే, అంతా సవ్యంగా ఉందని వచ్చిన రిపోర్టుకు అర్థం ఆ రోజు దడ రాలేదని మాత్రమే.

హోల్టరుకు ఉన్న బలం తక్కువదేమీ కాదు. ఒకటికి మించిన కోణాల నుంచి గుండె లయను చూపుతుంది, ప్రతి కొట్టుకోలునూ లెక్కిస్తుంది, నెల్లూరు, ఒంగోలు వంటి పట్టణాల్లో సులభంగా దొరుకుతుంది. ఇబ్బందులు కూడా తెలిసినవే. స్నానం చేయకూడదు, నడుముకు పెట్టె వేలాడుతుంది, రోహిణి కార్తెలో చెమటకు ఛాతీ మీది స్టిక్కర్లు లేచిపోతాయి. నేను గమనించిన పెద్ద లోపం మాత్రం మిషనుది కాదు, దాన్ని పెట్టుకున్న రోజున మనిషి నడుచుకునే తీరుది. రాత్రివేళ కరెంటు పోయి ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగిపోతాయేమోనని రొయ్యల గుంటల దగ్గర మేలుకొని ఉండే రైతుకు దడ వచ్చేది అక్కడే. మిషను ఉన్న ఒక్క రాత్రీ ఆయన గుంటకు పోకుండా ఇంట్లో ఫ్యానుకింద పడుకుంటే రిపోర్టు ఎంత శుభ్రంగా వచ్చినా ఉపయోగం ఉండదు.

ప్యాచ్ ఎడమవైపు ఛాతీపైన అంటించే చిన్న పరికరం. తీగలు ఉండవు, చాలా రకాలతో తేలికపాటి స్నానం చేయవచ్చు, 7 నుంచి 14 రోజుల వరకు పనిచేస్తుంది. 2014లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 146 మందికి రెండు పరికరాలనూ ఒకేసారి అమర్చి చూశారు. మొదటి 24 గంటల్లో హోల్టర్ 61 లయ దోషాలను, ప్యాచ్ 52ను పట్టుకున్నాయి. ప్యాచ్ ఉన్న పూర్తి కాలాన్ని లెక్కిస్తే దాని సంఖ్య 96కు చేరింది. అంటే ఒక్కరోజు పోటీలో హోల్టరే మెరుగైనా, ప్యాచ్ అదనంగా ఉన్న రోజులు ఆ తేడాను దాటించాయి. ప్యాచ్‌కు ఖర్చు ఎక్కువ, కొందరికి చర్మం దురద పెడుతుంది, ఒకే కోణం నుంచి చూస్తుంది, రిపోర్టు రావడం ఆలస్యమవుతుంది. అయినా వారానికో, పది రోజులకో దడ వచ్చేవారు అడిగితే నేను దీని వైపే మొగ్గుతాను. అంత ఖర్చు భరించలేనివారు 48 గంటల హోల్టరును, దడ ఎక్కువగా వచ్చే పని రోజులు చూసుకుని పెట్టించుకోవచ్చు.

వాచీ విషయంలో ఒక తేడా గమనించాలి. చేతి వెనుక ఆకుపచ్చ కాంతితో నాడిని లెక్కించేది వేరు, వాచీని వేలితో తాకి 30 సెకన్ల ఈసీజీ తీసేది వేరు. చేయి కదిలితే మొదటిది తప్పు అంకె చూపవచ్చు. రెండవది నెలకోసారి వచ్చి కొన్ని నిమిషాలు నిలిచే దడకు నిజంగా పనికివస్తుంది, ఆ ఈసీజీ రికార్డును డాక్టరుకు చూపవచ్చు. రెండు మూడు సెకన్లలో పోయే దడను మాత్రం వేలు పెట్టేలోపే పోగొట్టుకుంటాము. దడ లేకపోయినా గంటగంటకూ వాచీ చూసుకునేవారికి నేను దీన్ని సిఫార్సు చేయను, ఆ ఆందోళనకే గుండె వేగం పెరుగుతుంది.

ఏది పెట్టుకున్నా దడ వచ్చిన సమయాన్ని, అప్పుడు చేస్తున్న పనిని కాగితం మీద రాయకపోతే రిపోర్టు సగమే. గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది కనుక 300 ఎక్టోపిక్ కొట్టుకోళ్లు (లయ మధ్యలో ముందుగా వచ్చేవి) అంటే వెయ్యికి మూడు, ఆరోగ్యవంతుల్లోనూ ఇవి కనిపిస్తాయి. వెంట్రిక్యులర్ ఎక్టోపిక్స్ (గుండె కింది గదుల్లో పుట్టేవి) నూటికి పదికి చేరితే డాక్టరు వాటిని పట్టించుకుని చూస్తారు. నిద్రలో గుండె వేగం నిమిషానికి 45కు దిగడం, మెట్లెక్కితే 140కి చేరడం చాలామందిలో సహజమే. 80 నుంచి ఒక్కసారిగా 180కి ఎగసి, అలాగే ఒక్కసారిగా ఆగిపోయే దడ అసలైన లయ దోషాన్ని సూచించవచ్చు. మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేదానికి రక్తహీనత, థైరాయిడ్, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, ఆందోళన వంటి కారణాలు వెతకాలి. కాగితంలో దడ అని రాసిన నిమిషంలోనే రికార్డింగులో మామూలు లయ కనిపిస్తే, అది నా ఉద్దేశంలో అన్నిటికంటే విలువైన ఫలితం, ఎందుకంటే దడకు కారణం లయ దోషం కాదని అప్పుడు మాత్రమే ధైర్యంగా చెప్పగలం. అలాంటివారు టీ, కాఫీల లెక్క, నిద్ర, నీళ్లు, మద్యం, జలుబు మాత్రలు, ఆస్తమా ఇన్‌హేలర్ల సంగతి డాక్టరుతో ఒకసారి సరిచూసుకోవాలి. వాడుతున్న గుండె మాత్రలను మాత్రం సొంతంగా ఆపకూడదు.

రాసుకున్న కాగితం ఖాళీగానే తిరిగి వస్తే, అదే 24 గంటల హోల్టరును మళ్లీ పెట్టించుకోవడం కంటే ఎక్కువ రోజులు ఉండే పరికరం గురించి అడగడం మేలు. చర్మం కింద అమర్చే లూప్ రికార్డర్ సంవత్సరాల తరబడి పనిచేస్తుంది కానీ, అరుదుగా స్పృహ తప్పేవారి వంటి కొద్దిమందికే డాక్టర్లు దాన్ని సూచిస్తారు.