రంగంలో పోయిన పెదతాత ఆచూకీ: యుద్ధ సమాధుల వెబ్‌సైట్‌తో కొన్నేళ్ళ అనుభవం

రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున పోయిన సైనికుల సమాధులు, పేర్లు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌ని కొన్నేళ్ళుగా వాడుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీలో చేరి, రంగం (బర్మా) వెళ్ళి తిరిగిరాని మా తాత అన్నగారి కోసం మొదలుపెట్టాను. తర్వాత సోంపేట, టెక్కలి వైపు చుట్టాలు కూడా తమవాళ్ళ సంగతి చూడమనడంతో అలవాటైపోయింది.

వెతకడానికి పైసా కట్టక్కర్లేదు. అంతకుముందు ఒక విదేశీ వంశవృక్షాల సైటుకి ఏడాది చందా కట్టాను. ఇంగ్లండు చర్చి రికార్డులు కుప్పలుగా ఉన్నాయి, శ్రీకాకుళం వాడికి పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

పేరుతో వెతికితే మాత్రం తల తిరుగుతుంది. మన సైనికులు చాలామందికి ఇంటిపేరు రాయలేదు, సొంత పేరే సర్‌నేమ్ గడిలో ఉంటుంది. అప్పన్న, రాములు అని కొడితే ఎంతమంది వస్తారో చెప్పాలా? అందుకని ముందు ఇంట్లో ట్రంకుపెట్టెలు దులపండి. మా పెదతాత కూతురు, నాకు అత్త వరస, దగ్గర బర్మా స్టార్ పతకం ఉంది. ఆరు కోణాల నక్షత్రం. ఏటా దసరాకి చింతపండు పెట్టి తోమేసేదట! వెనకనున్న అంకెలు సగం అరిగినా భూతద్దంతో కూడబలుక్కున్నాం. ఆ సర్వీస్ నంబరు (సైన్యంలో ఒక్కొక్కరికీ ఇచ్చే నంబరు) కొట్టగానే ఒకే ఒక్క రికార్డు: ఇండియన్ పయనీర్ కోర్ (సైన్యంలో రోడ్లు, మోతల్లాంటి కూలిపనుల దళం), పోయిన తేదీ, తండ్రి పేరు, ఊరు, విశాఖపట్నం జిల్లా. మన శ్రీకాకుళం జిల్లా 1950లో కదా ఏర్పడింది. మొదటి యుద్ధం వాళ్ళకైతే శ్రీకాకుళాన్ని చికాకోల్ అనీ, గంజాం జిల్లా అనీ వెతకాలి.

సమాధి దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆయన పేరు యాంగోన్‌కి (పాత రంగూన్) ఉత్తరాన, తౌచాన్ శ్మశానవాటికలోని రంగూన్ స్మారకం మీద ఉంది. సమాధి ఎక్కడో తెలియని దాదాపు 27,000 మంది పేర్లు అక్కడి స్తంభాల మీద చెక్కారు. రికార్డులో ఇచ్చే ఫేస్ నంబరు, పేరు ఏ పక్కన ఉందో చెప్పడానికే. అక్కడి శాసనం ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖిల్లో ఉంది. తెలుగు లేదు, నాకు కాస్త చిరాకేసింది.

మా ఇంట్లో అసలు లాభం తేదీ దొరకడమే. ఇన్నాళ్ళూ పోయిన తిథి తెలియక మహాలయ అమావాస్యకే నీళ్ళొదిలేవాళ్ళం. పురోహితుడు గారు ఆ తేదీకి తిథి కట్టి ఇచ్చారు. "ఇప్పుడు మా నాన్నకి తద్దినం పెట్టొచ్చురా" అంది అత్త, వెంటనే ఖర్చెంతవుతుందో కూడా అడిగింది.

కూలికి రంగం వెళ్ళి, 1942లో జపాన్ దాడికి కాలినడకన బయల్దేరి దారిలో పోయినవాళ్ళ కోసమైతే దీని మీద టైం పెట్టొద్దు. పలాస చుట్టాల తాతది అదే కథ, ఎంత వెతికినా దొరకలేదు. మిలిటరీలో చేరినవాళ్ళకైతే, నంబరు చేతిలో ఉంటే, ఐదుకి నాలుగున్నర ఇస్తాను.