క్యాప్సూలా, కన్వర్టిబుల్ సీటా: ఇద్దరు పిల్లలకు రెండూ వాడిన తర్వాత

మేము మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఉంటాము. పెద్దవాడికి బేబీ క్యాప్సూలు, అంటే పసిబిడ్డతో సహా ఎత్తుకెళ్ళగల తొట్టి లాంటి కారు సీటు, అద్దెకు తెచ్చి వాడాము. పాపకు మాత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు నుంచే కన్వర్టిబుల్ సీటు, అంటే మొదట వెనక వైపుకు, పెరిగాక ముందుకు తిప్పి బిగించుకునే కారు సీటు, వాడుతున్నాము. పాపకు ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఒకటే కారు ఉన్న ఇంటికి కన్వర్టిబుల్ సీటే సరైనదని నా అభిప్రాయం.

ఆస్ట్రేలియాలో ఆరు నెలలు నిండని బిడ్డ కారు వెనక వైపుకు ముఖం పెట్టి ఉండే సీటులోనే ప్రయాణించాలి. సీటు మీద ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 1754 అనే ఆస్ట్రేలియా-న్యూజిలాండ్ భద్రతా ప్రమాణం ముద్ర తప్పనిసరి కనుక, అమెరికాలో ఉన్న బంధువులు తమ పిల్లల సీటు ఇస్తామన్నా ఇక్కడ అది చెల్లదు. క్యాప్సూలైనా, కన్వర్టిబులైనా ఈ ప్రమాణానికి లోబడినవే కాబట్టి, ఎంపిక వాడుకలోని సౌకర్యాన్ని బట్టి చేసుకోవలసి ఉంటుంది.

క్యాప్సూలు సౌకర్యం మొదటి వారంలోనే అర్థమవుతుంది. దాని అడుగుభాగం కారులోనే బిగించి ఉంటుంది, పై తొట్టిని మాత్రం బిడ్డతో సహా తీసి ప్రామ్ (పిల్లల తోపుడు బండి) మీద తగిలించుకోవచ్చు. బయట చినుకులు పడుతుండగా, నిద్రపోతున్న బిడ్డ బెల్టులు విప్పకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళగలగడం చిన్న విషయమేమీ కాదు. అయితే ఖాళీ తొట్టే నాలుగు కిలోల పైచిలుకు ఉంటుంది. సిజేరియన్ అయిన బాలింతను బిడ్డ కంటే బరువైనది ఎత్తవద్దని చెబుతారు కనుక, ఆ పని మా వారిదో అత్తయ్యగారిదో అయ్యేది. పిల్లవాడు బరువెక్కాక వాళ్ళిద్దరూ కూడా తొట్టిని కారులోనే వదిలి వాణ్ణి భుజాన వేసుకోవడం మొదలుపెట్టారు.

అంతకంటే ముఖ్యమైన విషయాన్ని దుకాణాల్లో ఎవరూ ప్రస్తావించలేదు. ఇంటికి చేరాక కూడా బిడ్డను క్యాప్సూలులోనే పడుకోనివ్వకూడదు. మెడ నిలవని పసికందు తల ముందుకు వాలి, గడ్డం రొమ్ముకు ఆనితే ఊపిరాడడం కష్టమవుతుంది కాబట్టి, వెంటనే బల్లపరుపుగా ఉన్న పక్క మీదకు మార్చాలి. మార్చగానే మావాడు లేచేవాడు. నిద్ర చెడకుండా ఇంట్లోకి తెచ్చుకోవచ్చన్న ఊరింపులో సగం అక్కడే పోయింది. పైగా వాడు పొడగరి కావడంతో, భుజాలు తొట్టి లోపల వాటి ఎత్తుకు హద్దుగా ఉన్న గీత దాటి, ఏడాది నిండకముందే క్యాప్సూలు తిరిగి ఇచ్చేశాము.

కన్వర్టిబుల్ సీటుతో ఇబ్బంది స్థలం దగ్గర వస్తుంది. వెనక్కి తిప్పి బిగించినప్పుడు అది బాగా వాలి ఉంటుంది కనుక, మా సెడాన్‌లో దాని ముందున్న సీటును బాగా ముందుకు జరపవలసి వచ్చింది. అక్కడ కూర్చున్నవారి మోకాళ్ళు డాష్‌బోర్డుకు తగిలేవి. క్యారమ్ డౌన్స్ శివ విష్ణు ఆలయానికి వెళ్ళినప్పుడల్లా, గంటకు పైగా సాగే ఆ దారంతా మావయ్యగారు ఈ విషయం గుర్తు చేస్తూనే ఉండేవారు. కొనేముందు సీటును మీ కారులోనే పెట్టి చూపించమని దుకాణంలో తప్పక అడగండి. ఇక్కడ వేసవి జనవరిలో; ఆ ఎండలకు బకిల్ లోహం చురుక్కుమనిపించేంత కాలుతుంది. నేను బెల్టుల మీద తెల్లటి పంచె ముక్క కప్పి ఉంచుతాను. బెల్టు మెలిపడకుండా చూసుకోవడం, బిగించాక భుజం దగ్గర వేళ్ళతో పట్టి చూస్తే మడత పడనంత బిగువు ఉంచడం అలవాటు చేసుకోవలసిన పనులే. చట్టం ఆరు నెలల తర్వాత ముందుకు తిప్పనిచ్చినా, భుజాల గీత దాటేవరకు మేము పాపను వెనక వైపుకే ఉంచాము.

రెండు కార్ల మధ్య బిడ్డను మార్చేవారికీ, రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగే పనులున్నవారికీ క్యాప్సూలే మేలు; కానీ కొనవద్దు, అద్దెకు తీసుకోండి. మన తెలుగువారిలో ఈ సీట్లు పుట్టింటి ఉయ్యాలలా చేతులు మారుతుంటాయి. అలా తీసుకునేటప్పుడు మొహమాటపడకుండా ఆ సీటు ఎప్పుడైనా ప్రమాదానికి గురైందేమో అడగండి, సీటు మీద ముద్రించిన తయారీ తేదీ చూడండి. పదేళ్ళు దాటినదైతే ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.