పదమూడేళ్ళుగా హైడన్‌తో: డొరాటి 33 సీడీల బాక్స్ సెట్

పద్దెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ 104 సింఫనీలు (ఆర్కెస్ట్రా కోసం రాసే, కొన్ని భాగాలున్న పెద్ద రచనలు) రాశాడని తెలిసినవాళ్ళు కూడా మామూలుగా వినేది పదో పన్నెండో. పేరున్నవి వింటారు. సర్‌ప్రైజ్, క్లాక్, మిలిటరీ, ఫేర్‌వెల్. నేను కూడా చాలాకాలం అవే విన్నాను. 2012లో మొత్తం అన్నీ ఉన్న పెట్టె చేతికొచ్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా వింటూనే ఉన్నాను కాబట్టి, నచ్చినవీ నచ్చనివీ రెండూ కాస్త నమ్మకంగా చెప్పగలననుకుంటున్నాను.

నేను మాట్లాడుతున్నది డెక్కా కంపెనీ వేసిన సెట్ గురించి. ఆంటల్ డొరాటి కండక్టర్, ఫిల్హార్మోనియా హంగారికా ఆర్కెస్ట్రా, రికార్డు చేసింది 1969 నుంచి 1972 దాకా. 33 సీడీలు. 1 నుంచి 104 వరకూ అన్నీ ఉన్నాయి. ఏ, బీ అని పిలిచే మరో రెండు తొలి సింఫనీలూ, 53వ దానికి హైడన్ పేరు మీద చెలామణీ అయిన వేరే ముగింపులూ కూడా చేర్చారు. అంతా కలిపి 35 గంటల పైనే సంగీతం.

అప్పుడు నేను జర్మనీలో, ఎసెన్‌లో ఒక ప్రాజెక్టు మీద ఉన్నాను. ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే దారిలో ఒక సెకండ్‌హ్యాండ్ సీడీల దుకాణం ఉండేది. అక్కడ కింది అరలో దొరికిందీ పెట్టె. ఇంటికి తెచ్చి చూస్తే ఒక సీడీ మీద పెద్ద గీత, పాట మధ్యలో ఎగిరిపోతోంది. మర్నాడు తీసుకెళ్తే పాతవి వెనక్కి తీసుకోం అన్నారు. ఆ ఒక్క సీడీలో ఉన్నవాటిని తర్వాత విడిగా డౌన్‌లోడ్ కొనుక్కోవాల్సి వచ్చింది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు 33 సీడీలనూ ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూసుకోండి, మొహమాటపడొద్దు.

చిన్న పుస్తకం తిరగేస్తుంటే రికార్డింగ్ జరిగిన ఊరి పేరు కనబడింది. మార్ల్. మేముండే చోటికి అరగంట దూరం. బొగ్గు గనులూ కెమికల్ ఫ్యాక్టరీలూ ఉన్న ఊరు. అలాంటి చోట హంగరీ వాళ్ళ ఆర్కెస్ట్రా ఎందుకుందో తెలుసుకున్నాక ఈ పెట్టెను వినే తీరే మారిపోయింది నాకు. దాని గురించి తర్వాత చెప్తాను.

మొదట చేసిన పొరపాటు వరసగా వినడం. ఒకటి, రెండు, మూడు అంటూ మొదలుపెట్టాను. ఇరవై దాటేసరికి చెవికి అన్నీ ఒకేలా అనిపించాయి. విసుగొచ్చి కొన్ని నెలలు ముట్టుకోలేదు. తప్పు హైడన్‌ది కాదు. ఇవి వరసగా వినమని రాసినవి కావు, ఒక్కోటి ఒక్కో సాయంత్రం కచేరీకి రాసినవి. రెండోసారి పద్ధతి మార్చాను. వారానికి ఒకే ఒక్క సింఫనీ. చాలావరకు ఇరవై, పాతిక నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి పొద్దున ట్రామ్‌లో ఒకసారి, సాయంత్రం ఇంకోసారి. శుక్రవారానికి దాని ఎత్తుపల్లాలు మనసులో ఉండేవి. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ అదే అలవాటు, ట్రామ్ బదులు మెట్రో. ఈ పద్ధతిలో మొత్తం ఒక చుట్టు తిరగడానికి రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత ఎన్ని చుట్లు తిరిగానో లెక్కపెట్టలేదు.

ఇంకో సంగతి. ఈ నంబర్లు 1900ల మొదట్లో మాండిచెవ్‌స్కీ అనే పండితుడు వేసినవి. రాసిన కాలక్రమానికి దగ్గరగా ఉంటాయి గానీ పూర్తిగా కాదు. 72వ నంబరు చూసి అది పెద్దతనపు రచన అనుకుంటాం. వింటే నాలుగు హార్న్‌లు, ఒక్కో వాద్యానికీ సోలో, అచ్చం 31వ సింఫనీకి తోబుట్టువు. నిజానికి అది 1760ల నాటిదే, నంబరే ఎక్కడికో జరిగిపోయింది. ఈ రెండూ ఒకే వారంలో వినండి. రెండింటి చివరి భాగంలోనూ, అంటే చివరి మూవ్‌మెంట్‌లోనూ ఒక్కో వాద్యం వంతులవారీగా ముందుకొచ్చి తన ముక్క వాయించి వెళ్తుంది. డబుల్ బేస్‌కి కూడా వంతు ఉంటుంది. 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరగానే రాసిన 6, 7, 8లో కూడా ఇదే చేశాడు హైడన్. కొత్త ఉద్యోగంలో చేరినవాడు తన కింద పనిచేసే ప్రతి మనిషికీ యజమాని ముందు మెరిసే అవకాశం ఇచ్చాడు. 6వ సింఫనీ మొదట్లో ఆరంటే ఆరే బార్లలో (బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తనం లాంటిది) సూర్యోదయం అయిపోతుంది. తీగ వాద్యాలు చప్పుడు లేకుండా మొదలై, ఒక్కో పొర చేరుతూ నిండుగా విచ్చుకోగానే ఫ్లూట్ అందుకుంటుంది. పొద్దున ఆరింటికి కాఫీ పెట్టుకుంటూ ఇది విన్న రోజు నాకు పనంతా సవ్యంగా సాగుతుంది.

ఇక ఆర్కెస్ట్రా సంగతి. 1956లో హంగరీలో తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణిచేశాక సుమారు రెండు లక్షల మంది దేశం వదిలిపోయారు. వాళ్ళలో సంగీతకారులూ ఉన్నారు. అలా వచ్చినవాళ్ళతో 1957లో ఆస్ట్రియాలో పుట్టింది ఫిల్హార్మోనియా హంగారికా. తర్వాత పశ్చిమ జర్మనీకి వచ్చి మార్ల్‌లో స్థిరపడింది. డొరాటి కూడా బుడాపెస్ట్‌లో పుట్టినవాడే. చాలా ముందే దేశం దాటి పేరు తెచ్చుకున్నాడు, వీళ్ళకు పెద్దదిక్కుగా నిలబడ్డాడు.

ఇప్పుడు 45వ సింఫనీ వినండి. ఫేర్‌వెల్. కథ చాలామందికి తెలిసిందే. 1772లో ప్రభువు నికొలస్ తన ఎస్టర్‌హాజా భవనంలో ఎన్నాళ్ళకీ కదలకుండా ఉండిపోయాడు. వాద్యకారుల భార్యాపిల్లలేమో ఐజెన్‌స్టాట్‌లో. ఇంటికి పంపమని అడగడానికి హైడన్ ఈ సింఫనీ రాశాడు. చివర్లో ఒక్కొక్కరే తమ ముక్క వాయించి, కొవ్వొత్తి ఆర్పి, లేచి వెళ్ళిపోతారు. ఆ ఎస్టర్‌హాజా ఇప్పుడు హంగరీలో ఉంది. 1956లో జనం కాలువ దాటి ఆస్ట్రియాలోకి వెళ్ళిన ఆండావు సరిహద్దు అక్కడికి దగ్గరే. అంటే ఇంటికి పోనివ్వమని అడిగే సంగీతాన్ని, ఇంటికి పోయే దారి మూసుకుపోయినవాళ్ళు పెట్టిన ఆర్కెస్ట్రా వాయిస్తోంది.

దాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటే ఏమవుతుందో చెప్తాను. చివరి నెమ్మదైన భాగం మొదలైనప్పుడు చెవి చుట్టూ గది నిండా మనుషులున్నట్టు ఉంటుంది. ఓబో, హార్న్ వెళ్తాయి. బసూన్ వెళ్తుంది. డబుల్ బేస్ ఒక్కటే కాసేపు తిరిగి, ఆగిపోతుంది. అది పోయాక కింద నేల లేనట్టు అనిపిస్తుంది. సంగీతం అలాగే ఉంటుంది, ఆనుకోవడానికి ఏమీ ఉండదు. చెల్లోలు, వయొలిన్లు, వయోలా. ఆఖరికి రెండే వయొలిన్లు, అవి కూడా ధ్వని తగ్గించే మ్యూట్ పెట్టుకుని. డొరాటి ఇక్కడ ఏ బరువూ వెయ్యడు, ఏడుపు పిండడు. మామూలుగా నడిపిస్తాడు. అదే నాకు గుండెలో పడింది. ఎసెన్‌లో ఒక డిసెంబరు రాత్రి, వీసా రెన్యూవల్ టెన్షన్‌లో, ఊరికి వెళ్ళి రెండేళ్ళు దాటిన సమయంలో విన్నాను. విని, లైటు వెయ్యకుండా చాలాసేపు కూర్చున్నాను.

పేరున్నదాని గురించే ఇంత చెప్పాను గానీ, ఈ పెట్టెలో అసలు సొత్తు పేరు లేనివాటిలో ఉంది. నా మాట నమ్మి 67 వినండి. దానికి పేరు లేదు, కచేరీల్లో అరుదుగా వాయిస్తారు. రెండో మూవ్‌మెంట్ చివర్లో వయొలిన్‌వాళ్ళు కమాను తిరగేసి దాని చెక్కతో తీగల మీద తడతారు. ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టుంటుంది, కొన్ని క్షణాలే. తర్వాత మినుయెట్ అనే నాట్య భాగం మధ్యలో రెండు వయొలిన్లు మాత్రమే మిగులుతాయి. ఒకటి పైన పాడుతుంటే, రెండోది కింది తీగను ఒక మెట్టు దించుకుని అదే స్వరం పట్టుకుని ఉంటుంది, మన తంబురా శ్రుతి లాగా. హంగరీ పల్లెల్లో ఇలాంటి వాద్యాలు విన్నాడేమో హైడన్. లోకానికి దూరంగా, పక్కనుంచి విసిగించేవాళ్ళు ఎవరూ లేకుండా ఉన్నాను కాబట్టి కొత్తదనం రాక తప్పలేదని ఆయన ముసలితనంలో చెప్పుకున్నాడు. ఆ మాటకు అర్థం కావాలంటే లండన్ సింఫనీలు (చివరి పన్నెండు) కాదు, ఇది వినాలి.

60వది వింటున్నప్పుడు మా పాప పక్కనే హోంవర్క్ చేసుకుంటోంది. చివరి భాగం జోరుగా మొదలై టక్కున ఆగింది. "నాన్నా, వాళ్ళు ఆపేసి శ్రుతి చేసుకుంటున్నారు" అంది తలెత్తి. ఆ పిల్ల వయొలిన్ క్లాసుకి వెళ్ళి అప్పటికి మూడు నెలలు. నిజంగానే అక్కడ వయొలిన్లు కింది తీగను సరిచేసుకోవాలని హైడనే రాశాడు.

అమ్మ వీణ నేర్చుకున్న మనిషి. పాశ్చాత్య సంగీతమంటే ఆవిడకు సినిమాల్లో విన్నదే. ఒకసారి 88వ సింఫనీ రెండో మూవ్‌మెంట్ నడుస్తుంటే పప్పు ఏరుతూ కూర్చుంది. ఓబో, చెల్లో కలిసి ఒక పొడుగాటి పాట పాడతాయి. అదే పాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. నాలుగోసారో ఐదోసారో వచ్చినప్పుడు అమ్మ చేట పక్కన పెట్టి, "ఏరా, పల్లవి మార్చట్లేదు, దాని చుట్టూ ఉన్నదే మారుస్తున్నాడు కదూ" అంది. కృతుల్లో సంగతులు విని పెరిగిన చెవి అది. త్యాగరాజు పుట్టిన 1767 నాటికి హైడన్ ఇంకా ఎస్టర్‌హాజీ కొలువులోనే ఉన్నాడని చెప్తే ఆశ్చర్యపోయింది. ఆ మూవ్‌మెంట్‌లో ఇంకోటుంది. ట్రంపెట్‌లూ డ్రమ్ములూ మొదటి మూవ్‌మెంట్ అంతా నోరు మెదపవు, ఈ నెమ్మదైన పాట మధ్యలో ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అమ్మ ఉలిక్కిపడి, వెంటనే "మళ్ళీ పెట్టు" అంది.

లోపాలు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది మినుయెట్‌లు. డొరాటి వాటిని చాలాచోట్ల బరువుగా, అడుగులో అడుగేసుకుంటూ నడిపిస్తాడు. నాట్యం అన్న సంగతి మర్చిపోతాం. 40ల దాకా ఉన్నవాటిలో ఇది మరీ ఎక్కువ. కొన్ని తొలి సింఫనీల్లో, మూడేళ్ళలో నూరు పైచిలుకు పూర్తిచెయ్యాలన్న ఒత్తిడి నాకు వినిపిస్తుంది. వాయించారు, బాగానే వాయించారు, కానీ దానితో కాపురం చెయ్యలేదు. తీగ వాద్యాల ధ్వని వెలుగుగా ఉంటుంది, చిన్న స్పీకర్లలో పల్చగా కూడా అనిపిస్తుంది. టింపని అనే పెద్ద డ్రమ్ము కాస్త వెనక్కి ఉంటుంది, అందుకే 103 మొదట్లో ఆ డ్రమ్ము మోతకు ఒళ్ళు జలదరించాలనుకునేవాళ్ళు వేరే రికార్డింగ్ చూసుకోవాలి. చర్చిలో తీసిన అనలాగ్ రికార్డింగ్ కాబట్టి గాలి మాత్రం బాగా ఆడుతుంది. ఉక్కగా అనిపించదు.

ఆడమ్ ఫిషర్ అనే ఇంకో కండక్టర్ సెట్ కూడా సగానికి పైగా విన్నాను. అది 1987 నుంచి 2001 దాకా ఐజెన్‌స్టాట్‌లో, హైడన్ స్వయంగా వాయించిన హాల్లోనే రికార్డు చేసింది. మొదట్లో తీసినవి మోత ఎక్కువై మసకగా ఉంటాయి. తర్వాతివి బ్రహ్మాండం, ఒక్కో సింఫనీగా చూస్తే డొరాటి కన్నా చురుకైనవి చాలా ఉన్నాయి. జొవాన్ని ఆంటొనీని అనే మరో కండక్టర్ 2032లో హైడన్ మూడువందల ఏళ్ళ పుట్టినరోజుకి అన్నీ పూర్తిచెయ్యాలని ఒక్కో ఆల్బమ్‌గా తెస్తున్నాడు. వాటిలో నిప్పుంటుంది. కానీ పొద్దున్నే, వారానికి ఒకటి చొప్పున, ఏళ్ళ తరబడి కలిసి బతకడానికి నేను డొరాటి దగ్గరికే వస్తాను. ఆయన ఏ సింఫనీనీ చిన్నచూపు చూడడు, దేన్నీ అతిగా మెరిపించడు. 102 రెండో మూవ్‌మెంట్‌లో ఒంటరి చెల్లో అడుగునుంచి కదులుతూ ఉండటాన్ని ఎంత శ్రద్ధగా వినిపించాడో, ఎవరూ పట్టించుకోని 64 రెండో మూవ్‌మెంట్‌లో మాట పూర్తికాకుండా ఆగిపోయే వాక్యాలనూ అంతే శ్రద్ధగా ఆపాడు.

ఉపయోగపడే సంగతి ఒకటి. సీడీలు హైదరాబాద్ వచ్చాక అన్నిటినీ రిప్ చేసి హార్డ్ డ్రైవ్‌లో పెట్టాను. సాఫ్ట్‌వేర్ ఇచ్చే పేర్లలో ఎక్కడ చూసినా మెన్యుయెట్, అల్లెగ్రో, మెన్యుయెట్, అల్లెగ్రో. నంబరు, రాసిన సంవత్సరం, స్వరస్థాయి చేర్చి నేనే మళ్ళీ టైప్ చేశాను. మూడు వారాల ఆదివారాలు పట్టింది. సంవత్సరం చేర్చాక 72 లాంటివి వాటి చోటికి అవి చేరిపోయాయి, కాలక్రమంలో వినడం సాధ్యమైంది. స్ట్రీమింగ్‌లో కూడా ఈ సెట్ దొరుకుతుంది, కానీ అక్కడ వెతుక్కోవడమే ఒక పని.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 6, 7, 8 వినండి. తర్వాత 1772 ప్రాంతానికి దూకండి: 44, 45, 46, 47. 47లో మినుయెట్‌ను వెనక నుంచి ముందుకు వాయించినా అదే వస్తుంది, స్వరాలు రాసిన కాగితం దగ్గర పెట్టుకుని వింటే ఇంకా బాగుంటుంది. అక్కడినుంచి 67, 88. 90 చివర్లో అయిపోయిందనుకుని హెడ్‌ఫోన్స్ తియ్యొద్దు, నాలుగు బార్ల నిశ్శబ్దం తర్వాత మళ్ళీ మొదలవుతుంది. లండన్‌వి, అంటే చివరి పన్నెండు, ఆఖరికి ఉంచుకోండి.

ఆర్కెస్ట్రా ఇప్పుడు లేదు. ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆగిపోయాక 2001లో మూసేశారు. నేను మార్ల్‌కి అరగంట దూరంలో కాపురం పెట్టేనాటికే వాళ్ళు లేకుండా పోయి పదేళ్ళు దాటింది.